ఉబుంటుతో వచ్చే పైథాన్‌ను చెడగొట్టకుండా వాడుకోవడం

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 24.04 వేసుకోగానే పైథాన్ 3.12, పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలు సిద్ధంగా ఉంటాయి. టెర్మినల్లో "పైథాన్3" అని కొట్టండి. 3 మరిచిపోతే కమాండ్ దొరకలేదంటుంది. సీ భాషలో ప్రోగ్రామ్ రాయాలంటే "బిల్డ్-ఎసెన్షియల్" ప్యాకేజీ వేసుకుంటే చాలు.

అసలు చిక్కు పైథాన్‌తోనే. సిస్టమ్ పనిముట్లు చాలా దాని మీదే నడుస్తాయి. అందుకే పైథాన్ లైబ్రరీలు వేసే పిప్‌తో నేరుగా లైబ్రరీ వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అంటూ ఆపేస్తుంది. "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" ఆప్షన్‌తో దాన్ని దాటేయమని ఎవరైనా చెబితే వినకండి, ఆ పేరులోనే ప్రమాదం ఉంది.

దానికి బదులు ప్రాజెక్టుకు విడిగా ఒక పైథాన్ వాతావరణం (వెన్వ్) తయారు చేసుకోండి. ముందు ఉబుంటు ప్యాకేజీలు వేసే యాప్ట్‌తో "పైథాన్3-వెన్వ్" వేయండి. అది లేకపోతే "ఎన్‌ష్యూర్‌పిప్ లేదు" అనే ఎర్రర్ వస్తుంది. తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్లోకి వెళ్లి, "పైథాన్3 -ఎమ్ వెన్వ్ ఎన్వ్" కొట్టండి. "సోర్స్ ఎన్వ్/బిన్/యాక్టివేట్" అనగానే ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో ఎన్వ్ అని కనిపిస్తుంది. ఇక పిప్‌తో ఏం వేసినా ఆ ఎన్వ్ ఫోల్డర్లోనే ఉంటుంది. ఫోల్డర్‌ను వేరేచోటికి మార్చకండి, లోపలి స్క్రిప్టుల్లో పూర్తి పాత్ (ఫోల్డర్ ఉన్న చోటు) రాసి ఉంటుంది. మార్చక తప్పకపోతే ఎన్వ్‌ను తీసేసి మళ్లీ తయారు చేసుకోవడమే మేలు.

పైథాన్ కొత్త వెర్షన్ కావాలంటే పక్కన వేసుకోండి. ఏ వెర్షన్ నడవాలో చూపే "పైథాన్3" లింకును మాత్రం దానివైపు తిప్పకండి. సిస్టమ్ పనిముట్లు వాడే "యాప్ట్_పికెజి" మాడ్యూల్ 3.12 కోసమే కంపైల్ అయింది కాబట్టి, కొత్త ప్యాకేజీ మూలాలను చేర్చే యాడ్-యాప్ట్-రిపాజిటరీ కమాండ్ ఆగిపోతుంది, గ్నోమ్ టెర్మినల్ కూడా తెరుచుకోకపోవచ్చు. ఇప్పటికే తిప్పేశారా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, వచ్చే టెక్స్ట్ తెరలో లాగిన్ అయి, లింకును తిరిగి 3.12కు కలపండి.