ప్యాకేజీ సైనింగ్ కీ (మన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల మీద డిజిటల్ సంతకం పెట్టే కీ) జనరేట్ చేసే ముందు ఇవి చూస్కోండి

ముందు మెషిన్ సంగతి. షేర్డ్ సర్వర్‌లోనో బిల్డ్ సర్వర్‌లోనో జీపీజీ (ఈ కీలు తయారు చేసే టూల్) మాస్టర్ కీ, అంటే మిగతా కీలకి మూలమైన అసలు కీ, అస్సలు చేయొద్దు, నెట్ తీసేసిన ల్యాప్‌టాప్ బెస్ట్, అందులో ఓఎస్ కూడా అప్‌డేటెడ్‌గా ఉండాలి, ఎందుకంటే 2008లో డెబియన్ లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) బగ్ బయటపడ్డప్పుడు కీలు తయారు చేసే ర్యాండమ్‌నెస్ దాదాపు ప్రాసెస్ నంబర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే చిన్న నంబర్) మీదే నడుస్తోందని తేలింది, అంటే ఎవరైనా కూర్చుని అలా వచ్చే ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే కీలు) ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు. ఇది నిజంగా భయపడాల్సిన విషయమే.

పాత సిస్టమ్స్ వాడే యూజర్లుంటే కీ రకం ఆర్‌ఎస్‌ఏ 4096 (4096 బిట్ల కీ) తీస్కోండి.

ఎక్స్‌పైరీ తప్పకుండా పెట్టండి, రెండేళ్లు చాలు, తర్వాత పొడిగించుకోవచ్చు, కానీ పొడిగించిన పబ్లిక్ కీ గడువు లోపే యూజర్లకి చేరకపోతే వాళ్ల ఆప్ట్ (డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలు తెచ్చే టూల్) అప్‌డేట్ ఎర్రర్ కొడుతుంది.

రివోకేషన్ సర్టిఫికెట్ (కీ ఇక చెల్లదని ప్రకటించే ఫైల్) జీపీజీ 2.1 నుంచి దానంతటదే తయారవుతుంది. పొరపాటున వాడకుండా ఆ ఫైల్‌లో మొదటి గీతల (-----) ముందు ఒక కోలన్ ఉంటుంది, అవసరమైనప్పుడు అది తీసేయాలి. ప్రింట్ తీసి కీకి దూరంగా వేరే చోట దాచండి.

మాస్టర్ కీ రెండు పెన్‌డ్రైవ్‌లలో ఆఫ్‌లైన్‌లోనే ఉండాలి, రోజువారీ సైనింగ్‌కి సబ్‌కీ (మాస్టర్ కీ కింద చేసే ఉప కీ) మాత్రమే బయటికి తీయండి, దయచేసి పాస్‌ఫ్రేజ్‌ని వాట్సాప్‌లో పంపుకోకండి.