సమాధిలో ఎవరు? నాలుగో పాఠం: కొట్టివేతల పట్టిక

మొదటి మూడు పాఠాల్లో సమాధి కొలతలు తీయడం, మట్టి పొరలు చదవడం, వస్తువును కదిలించకముందే ఉన్నచోట బొమ్మ గీసుకోవడం నేర్చుకున్నాం. ఇప్పుడు పేరు దగ్గరికి వచ్చాం. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ముందు ఒక రాజును మనసులో అనుకుని, తర్వాత ఎముకల్లో ఆయన్ను వెతుకుతారు. మనం తిరగేసి చేద్దాం. ఎవరు కాదో ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ పోదాం, పేరు ఆఖరున రానిద్దాం.

ముందుగా ప్రశ్నను మూడు ముక్కలు చేయాలి. సమాధి ఎవరి కోసం కట్టారు? అందులో ఎవరిని పెట్టారు? ఇప్పుడు లోపల ఉన్నది ఎవరు? మూడింటికీ ఒకే జవాబు ఉంటుందనుకోవద్దు. మన దగ్గరే దీనికి ఉదాహరణ ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అస్థికలు తీసుకుపోయి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెట్టారు. చనిపోయింది ఒక ఊళ్లో, పూడ్చింది ఇంకో ఊళ్లో, ఎముకలున్నది మూడో చోట. గుత్తి సమాధి మీది పేరును మాత్రమే చదివినవాడు కింద మనిషి ఉన్నాడనే రాసుకుంటాడు. ఇరవైముప్పై ఏళ్ల కాగితాలు పోయి ఉంటే మనమూ అదే రాసేవాళ్లం. వెయ్యేళ్ల కిందటి సమాధుల విషయంలో పోయిన కాగితాలే ఎక్కువ.

గుమ్మటాల దగ్గర ఇంకో మెలిక ఉంది. బీజాపూరు గోల్ గుంబజ్‌లో పైన అరుగు మీద కనిపించేవి గుర్తు సమాధులు. అసలు సమాధులు వాటి కింద నేలమాళిగలో ఉన్నాయి. కర్నూలులో హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ గోల్ గుమ్మజ్‌కు వెళ్లినప్పుడు కూడా పైన కనిపించే రాయిని చూసి 'ఇక్కడ' అని వెంటనే రాసేయకండి. 'పైరాయి ఇక్కడ' అని రాసుకోండి.

ఇక పట్టిక. నోటుబుక్కు అడ్డంగా తిప్పి ఏడు గళ్లు గీయండి: పేరు, చనిపోయిన ఏడాది, అప్పటి వయసు, ఆడా మగా, ఒంటి మీద గుర్తులు (గాయం, గూని, విరిగి అతుక్కున్న ఎముక), పూడ్చారా కాల్చారా, ఎక్కడ పూడ్చారని రాతల్లో ఉంది. ఆ కాలంలో ఆ ప్రాంతాన్ని ఏలిన కుటుంబంలో చనిపోయిన ప్రతి ఒక్కరికీ ఒక వరస ఇవ్వండి. రాణులను, పట్టానికి రాకుండా పోయిన కొడుకులను, పిల్లలను వదలొద్దు. ఆఖరి వరసలో 'పేరు తెలియని మనిషి' అని రాయండి. దాన్ని ఎప్పుడూ కొట్టేయకూడదు. గొప్ప సమాధి కట్టించుకున్న మనుషులందరి పేర్లూ మన దాకా రాలేదు.

సమాధిలో దొరికిన ఆధారం ఒక్కొక్కటీ తీసుకుని, పొసగని పేరు మీద పెన్సిలుతో ఒకే గీత గీయండి. పక్కన కారణం, దాని బలం రాయండి: గట్టి, మధ్యరకం, వదులు. పెన్నుతో కొట్టేయొద్దు. ఎందుకో కింద చూద్దాం.

గ్రీసులోని వెర్గీనాను మాదిరిగా తీసుకుందాం. ఈ పట్టిక వేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. 1977లో పురావస్తు శాస్త్రవేత్త మనోలిస్ ఆండ్రోనికోస్ అక్కడి పెద్ద దిబ్బ కింద మాసిడోనియా రాజుల సమాధులను బయటపెట్టాడు. రెండో సమాధిని దొంగలు ముట్టలేదు. లోపలి గదిలో బంగారు పెట్టెలో కాల్చిన మగమనిషి ఎముకలు, ముందు గదిలో ఒక ఆడమనిషి ఎముకలు ఉన్నాయి. పట్టికలో రెండు పేర్లు నిలిచాయి. ఒకటి అలెగ్జాండరు తండ్రి రెండో ఫిలిప్, క్రీ.పూ. 336లో హత్యకు గురయ్యాడు. రెండోది అలెగ్జాండరు సవతి అన్న మూడో ఫిలిప్ అర్రిడయోస్, క్రీ.పూ. 317లో చంపబడ్డాడు.

వయసు గడి చూడండి. ఒకరికి 46 దాకా, ఇంకొకరికి 40 దాకా. ముప్పై దాటిన ఎముకలో వయసును పదేళ్ల అటూ ఇటూగా తప్ప చెప్పలేం కాబట్టి ఈ గడి వీళ్లిద్దరినీ విడదీయదు. మగ గడీ విడదీయదు. రెండు గళ్లే మిగిలాయి. ఫిలిప్ మెథోనె ముట్టడిలో బాణం తగిలి కుడి కన్ను పోగొట్టుకున్నాడు, కాబట్టి 'గుర్తులు' ఒకటి. అర్రిడయోస్ కథ వేరు. అతన్ని చంపి పూడ్చారు, ఆ తర్వాత మాసిడోనియాను చేజిక్కించుకున్న కాసాండర్ రాచమర్యాదలతో మళ్లీ అంత్యక్రియలు చేశాడు. కాబట్టి 'కాల్చిన తీరు' రెండోది.

కంటి గుంత దగ్గర ఎముకలో ఉన్న గీటు బాణపు గాయమేనని కొందరు పండితులు తేల్చారు. ఇంకొందరు మళ్లీ చూసి, అది మంటల్లో పగిలిన చోటు, ముక్కలు అతికించినప్పుడు పడ్డ అతుకు అన్నారు. బతికుండగా అయిన గాయమైతే అంచులు నున్నగా, గుండ్రంగా మానుతాయి. చచ్చాక పగిలితే అంచు పదునుగా ఉంటుంది. అందువల్ల గాయం అని రాసేముందు అంచును భూతద్దంతో చూడాలి. మానిన గుర్తు లేకపోతే 'వదులు' అని రాయాలి.

కాల్చిన తీరు సంగతి. కండతో ఉన్న శవాన్ని కాలిస్తే ఎముక వంకరపోతుంది, అడ్డంగా వంపు తిరిగిన పగుళ్లు పడతాయి. ఎండిపోయిన ఎముకను కాలిస్తే వంకర తక్కువ, పగుళ్లు పొడుగ్గా సాగుతాయి. రెండో సమాధి ఎముకల్లో వంకర ఉంది, కండతోనే కాల్చారని ఒక వర్గం చెప్పింది. అదే నిజమైతే పూడ్చి, తవ్వి, కాల్చిన అర్రిడయోస్ పేరు మీద గీత పడాలి. ఎండిన ఎముక కూడా కొన్నిసార్లు వంగుతుందని ఎదుటి వర్గం వాదించింది. పక్కన 'మధ్యరకం' రాసుకోండి. సమాధిలోని నల్ల పూత ఉప్పుగిన్నెల కాలం మీదా ఇలాంటి తగాదానే ఉంది. పోల్చి చూసిన గిన్నెలు క్రీ.పూ. 4వ శతాబ్దం చివరివైతే అర్రిడయోస్ వైపు మొగ్గాలి. కానీ గిన్నె కాలం పది ఇరవై ఏళ్ల తేడాతో తేలే వస్తువు, ఇద్దరి చావులకూ మధ్య ఉన్నది 19 ఏళ్లే.

2015లో పక్కనున్న మొదటి సమాధిలోని మగమనిషి మోకాలు బిగిసి అతుక్కుపోయి ఉందని, అది ఫిలిప్ కాలి గాయమేనని ఒక బృందం ప్రకటించింది. ఈమధ్య చేసిన కొలతల్లో ఆ మనిషి వయసు 25 నుంచి 35 మధ్య అని వచ్చింది. 46 ఏళ్ల ఫిలిప్ పేరు ఆ సమాధి పట్టికలో వయసు గడి దగ్గరే కొట్టుకుపోతుంది. ఎంత నమ్మకంగా గీసిన గీతయినా తిరగబడుతుంది. పెన్సిలు అన్నది ఇందుకే.

మూడో సమాధి తేలిక. 13 నుంచి 16 ఏళ్ల అబ్బాయి ఎముకలు. ఆ కుటుంబంలో ఆ వయసులో పోయినవాడు అలెగ్జాండరు కొడుకు నాలుగో అలెగ్జాండరు తప్ప ఇంకెవరూ కనిపించరు. పెద్దవాళ్ల ఎముకల కంటే పిల్లల ఎముకల్లో వయసు బాగా తేలుతుంది. పళ్లు వచ్చే క్రమం, ఎముక చివర్లు అతుక్కునే క్రమం ఏడాది రెండేళ్ల తేడాతో చెప్పగలవు. పెద్దవాళ్లలో కాలర్ బోన్ లోపలి చివర ఒక్కటి ముప్పై దాకా ఆగి అతుక్కుంటుంది. అది ఇంకా విడిగా ఉంటే ఆ మనిషి ముప్పైకి లోపే.

పేరు చెక్కిన వస్తువు దొరికితే పని అయిపోయినట్టు కాదు. వస్తువు మీది పేరు వస్తువుకు చెందుతుంది, శవానికి కాదు. 1976లో చైనాలోని అన్యాంగ్‌లో దొంగలు ముట్టని సమాధి బయటపడింది. వందకు పైగా కంచు పాత్రల మీద ఫు హావో పేరుంది. అదే సమాధిలో వేరే పేర్లున్న పాత్రలూ ఉన్నాయి. పేరు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఒక ఆసరా. ఊ దింగ్ రాజు భార్య ఫు హావో గురించి జోస్యం కోసం ఎముకల మీద చెక్కిన ప్రశ్నలు విడిగా ఉండటం రెండో ఆసరా. రెండూ కలిసి నిలబెట్టాయి. బెల్జియంలోని తూర్నేలో 1653లో దొరికిన సమాధిలో బంగారు ముద్రుంగరం మీద 'రాజు చిల్డెరిక్‌ది' అని లాటిన్‌లో ఉంది. ముద్రుంగరం అరువిచ్చే వస్తువు కాదు, అందుకు దాని బలం ఎక్కువ. అంతకన్నా గట్టిది శవం కోసమే రాసిన రాయి. కొరియాలో 1971లో నీటికాలవ పనిలో బయటపడిన మురియోంగ్ రాజు సమాధిలో, ఆయన 523లో 62వ ఏట పోయాడనీ, 525లో పూడ్చామనీ రాతిపలక మీద ఉంది. ఆ పలక ఒక్కటి మన ఏడు గళ్లలో నాలుగింటిని నింపుతుంది.

నాణేల లెక్కలో ఒక్కటే సూత్రం: అన్నింటిలో కొత్త నాణెం ఏ ఏడాదిదో, పూడ్చింది అంతకు ముందు కాదు. ఎంత తర్వాత అన్నది నాణెం చెప్పదు. ఇంగ్లండులోని సట్టన్ హూలో 1939లో తవ్విన ఓడ సమాధిలో 37 బంగారు నాణేలు దొరికాయి. శవం ఆమ్లపు మట్టిలో పూర్తిగా కరిగిపోయింది, తర్వాతి పరీక్షల్లో ఫాస్ఫేటు జాడ మాత్రమే తేలింది. అంటే వయసు, ఆడా మగా, గాయాల గళ్లన్నీ ఖాళీ. మొదట నాణేలను 650 ప్రాంతానివి అనుకున్నంత కాలం రాజు రాడ్వాల్డ్ పేరు మీద గీత ఉండేది. వాటి కాలం 7వ శతాబ్దం తొలి భాగానికి జరిగాక, 625 ప్రాంతంలో పోయిన ఆయన పేరు మళ్లీ ముందుకొచ్చింది. అయినా నిరూపణ అయినట్టు కాదు.

కార్బన్ పరీక్ష దగ్గర మన దక్షిణాదివాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా కార్బన్ క్రమాంకన గీత (పరీక్షశాల అంకెను క్యాలెండరు ఏడాదిగా మార్చే గీత) దాదాపు చదునుగా ఉంటుంది. పరీక్షశాల నుంచి 2500 ఏళ్లు, 30 అటూ ఇటూ అని వస్తే, దాన్ని తేదీగా మార్చినప్పుడు సుమారు క్రీ.పూ. 780 నుంచి 540 దాకా ఏదైనా కావచ్చు. మన ఇనుపయుగపు రాతి సమాధుల్లో చాలా భాగం ఈ కాలం చుట్టుపక్కలే. 60 ఏళ్ల వెడల్పున్న జవాబు అనుకుని తెస్తే 240 ఏళ్లదవుతుంది. ఇంకో చిక్కు తిండి. సముద్రపు చేపలు బాగా తిన్న మనిషి ఎముక ఉన్నదానికంటే పాతదిగా కనిపిస్తుంది. 2012లో లెస్టర్‌లో దొరికిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ ఎముకలకు మొదట ఆయన చనిపోయిన 1485 కంటే ముందటి కాలం వచ్చింది. చేపల తిండి లెక్క సరిచేశాక సరిపోయింది. ఆయన డీఎన్‌ఏ తల్లి వైపు వారసులతో కలిసింది, తండ్రి వైపు వారసులతో కలవలేదు. వంశావళిలో ఎక్కడో తండ్రి పేరు తేడా ఉందన్నమాట. వెన్ను వంకర, వయసు, గాయాలు, చోటు అన్నీ కలిశాయి కాబట్టి ఆ ఒక్క గడి పట్టికను పడగొట్టలేదు.

ఆయుధాలుంటే మగ, గాజులుంటే ఆడ అని రాయడం మానేయండి. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన యోధుడి సమాధిని నూరేళ్లకు పైగా మగవాడిదిగా చెప్పుకున్నారు. 2017లో డీఎన్‌ఏ తీస్తే ఆడమనిషి. ఆ గడి తుంటి ఎముకను చూసి నింపాలి. తుంటి చెడిపోతే ఖాళీగా వదలాలి.

ఇక మన ఇంటి దగ్గర. రాయదుర్గం వైపు, కడప పల్లెల్లో 'పాండవుల గుళ్లు', 'రాక్షస గుళ్లు' అనే బండల గదులు చూసే ఉంటారు. అనంతపురం సరిహద్దు దాటితే చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ 1947లో ఇలాంటివే తవ్వాడు. కడప జిల్లా శంఖవరం దగ్గర దొరికిన, జంతువు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక చెన్నై మ్యూజియంలో ఉంది. వీటికి పట్టిక వేస్తే పేర్ల గడి మొత్తం ఖాళీ, ఎందుకంటే ఆ కాలపు రాత లేదు. కుండల మీది గీతలు గుర్తులే, పేర్లు కావు. పైగా చాలా గదుల్లో ఎముకలు ఒకరివి కావు. బయట ఆరబెట్టి, ఏరి తెచ్చి పెట్టినవి. అక్కడ మొదటి ప్రశ్న ఎవరు కాదు, ఎందరు. ఒకే ఎముకను ఒకే పక్కది లెక్కపెట్టండి. కుడి తొడ ఎముక తలలు మూడు, ఎడమవి రెండు ఉంటే కనీసం ముగ్గురు. ఐదుగురు అనకూడదు. తర్వాతి కాలపు హిందూ రాజులను కాల్చేవారు కాబట్టి శరీరమే దొరకదు. మనకు రాచ సమాధులు నవాబుల కాలం నుంచే ఎక్కువ.

చూడటం, కొలవడం, గీయడం వరకే మన పని. ఏ రాయీ కదిలించొద్దు. పొలంలో పది రూపాయలకు మించిన విలువున్న పాత వస్తువు దొరికినా 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

అభ్యాసం. ఇది లెక్క కోసం కల్పించిన సమాధి. ఎముకలు: తుంటి ఆడమనిషిది, జ్ఞానదంతాలు వచ్చాయి, కాలర్ బోన్ లోపలి చివర అతుక్కోలేదు. నాణేలు మూడు: రెండు 1310 నాటివి శవం చేతి దగ్గర, ఒకటి 1340 నాటిది పాదాల పక్కన పందికొక్కు బొరియలోని వదులు మట్టిలో. పేర్లు మూడు. క: 1336లో 24 ఏళ్లకు పోయిన రాణి. గ: 1352లో 45 ఏళ్లకు పోయిన రాణి. చ: 1361లో 25 ఏళ్లకు పోయిన రాకుమారుడు. పట్టిక గీసి, ప్రతి గీత పక్కన కారణమూ బలమూ రాయండి. ముగ్గురినీ కొట్టేసినట్టు వస్తే, రెండో పాఠంలోని మట్టి పొరల భాగం ఇంకోసారి చదివి మూడో నాణెం దగ్గరికి తిరిగి వెళ్లండి. 'క' మీద మీరు గీసిన గీత చెరపాలా, ఉంచాలా అన్నదాని నుంచే ఐదో పాఠం మొదలవుతుంది.