రిడ్జ్ వెంట్ పెట్టించినా అటిక్ వేడి తగ్గలేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో చాలామంది తమ కప్పు గురించి మొదటిసారి ఆలోచించేది వడగళ్ల వాన పడి షింగిల్స్ (కప్పు పైన పరిచే పలకలు) మార్పించవలసి వచ్చినప్పుడే. డాలస్ పరిసరాల్లో ఉండేవారికి ఇది బాగా అనుభవమే. శ్లాబు ఇళ్లలో పెరిగిన మనకు అటిక్ (వాలు కప్పుకు, సీలింగుకు మధ్య ఉండే ఖాళీ స్థలం) అలవాటు లేదు కనుక, కాంట్రాక్టరు నడికొప్పు (కప్పు వాలులు రెండూ పైన కలిసే చోటు) మీద రిడ్జ్ వెంట్ పెట్టి వెళ్లగానే పని పూర్తయిందనుకుంటాము. నిజానికి రిడ్జ్ వెంట్ గాలి బయటికి పోయే దారి మాత్రమే. లోపలికి వచ్చే దారి చూరు కింద ఉండే సాఫిట్ వెంట్లలో ఉంటుంది. ఈ రెండింటిలో ఏది మూసుకుపోయినా రెండోది పనిచేయదు. అందుకే రిడ్జ్ వెంట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట చూసేది చూరునే.

లక్షణం: ఎండాకాలం సాయంత్రం దాటినా పై అంతస్తు చల్లబడదు

పొద్దున్నే, ఎండ ముదరకముందు, అటిక్‌లోకి ఎక్కి లైటు ఆర్పివేసి చూడండి. జాయిస్టుల (సీలింగును మోసే దూలాల) మీద అడ్డంగా పలక వేసుకొని దాని మీదే నడవాలి. వాటి మధ్య కాలు పెడితే కింది గది సీలింగు పగులుతుంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక చూరు వైపు అక్కడక్కడా వెలుతురు కనిపించాలి, నడికొప్పు పొడవునా సన్నని వెలుతురు గీత కనిపించాలి.

చూరు వైపు చీకటిగా ఉంటే ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే పొర) అక్కడి రంధ్రాలను కప్పేసిందని అర్థం. దాన్ని వెనక్కి జరిపి, రాఫ్టర్ల (కప్పు వాలును మోసే వాసాల) మధ్య కప్పు చెక్కకు ఆనించి గాలి పోవడానికి వీలైన బాఫిల్స్ (దారి మూసుకుపోకుండా ఆపే పలుచని పలకలు) బిగించాలి. బయటినుంచి కూడా సాఫిట్ జాలీని పరిశీలించండి, ఎందుకంటే పలుమార్లు వేసిన పెయింటుతో దాని సన్నని రంధ్రాలు పూడిపోతుంటాయి.

నడికొప్పు వైపు చీకటిగా ఉంటే సాధారణంగా తప్పు బిగింపులోనే ఉంటుంది. వెంట్ కింద కప్పు చెక్కలో, దాని మీది కాగితంలో గాలి పోయేలా పొడవునా కోత ఉండాలి. మా ఇంట్లో జరిగింది ఇదే. పైనుంచి చూస్తే వెంట్ చక్కగా ఉంది, కాని లోపలినుంచి టార్చి వేసి చూస్తే కోసిన చెక్క అంచుల మధ్య షింగిల్స్ కింద పరిచే నల్లటి ఫెల్ట్ కాగితం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. దాన్ని వేలితో నొక్కితే డప్పు తోలులా బిగువుగా తగిలింది. క్యాప్ షింగిల్స్ (వెంట్ మీద కప్పే షింగిల్స్), వెంట్ విప్పించి, కాగితాన్ని కోయించి, మళ్లీ బిగించడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. కొన్ని ఇళ్లలో చెక్కను కూడా కోయరు. ట్రస్ (త్రికోణపు చెక్క చట్రాల) కప్పులకు సాధారణంగా నడికొప్పుకు ఇరువైపులా ముప్పాతిక అంగుళం చొప్పున కోస్తారు. మధ్యలో రిడ్జ్ బోర్డు (నడికొప్పు వెంట నిలువుగా ఉండే పలక) ఉంటే దానికి రెండు పక్కలా అంత ఖాళీ మిగిలేలా కోత వెడల్పు పెంచాలి. తయారీదారు ఇచ్చిన కొలత వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. రంపం లోతు చెక్క మందానికి మించితే ట్రస్సులు తెగుతాయి, అది కప్పు బలానికే ప్రమాదం.

లక్షణం: రెండు దారులూ తెరిచే ఉన్నాయి, అయినా గాలి ఆడదు

అప్పుడు లెక్క చూడాలి. పై భాగంలోను, చూరు దగ్గరా దాదాపు సమంగా వెంట్లు ఉన్నప్పుడు, అటిక్ నేల వైశాల్యంలో 300వ వంతు గాలిదారి చాలునని అమెరికా నిర్మాణ నిబంధనలు అనుమతిస్తాయి. బాగా చలి ప్రాంతాల్లో దీనికి సీలింగులో ఆవిరిని ఆపే పొర కూడా ఉండాలి. 1,500 చదరపు అడుగుల అటిక్‌కు 5 చదరపు అడుగులు, అంటే 720 చదరపు అంగుళాలు కావాలి. అందులో సగం, 360, నడికొప్పు దగ్గర ఉండాలి. మీ వెంట్ అడుగు పొడవుకు 18 చదరపు అంగుళాలు ఇచ్చేదైతే 20 అడుగుల వెంట్ సరిపోతుంది. మిగిలిన 360 చూరు దగ్గర తప్పనిసరిగా ఉండాలి, అక్కడ కొంత ఎక్కువున్నా నష్టం లేదు.

లెక్క కూడా సరిపోతే, గోడ త్రికోణంలోని గేబుల్ వెంట్‌నో, అటిక్ గాలిని బయటికి తోసే పాత కరెంటు ఫ్యానునో అనుమానించండి. ఫ్యాను తిరిగినప్పుడు దగ్గరలో ఉన్న రిడ్జ్ వెంట్ నుంచే గాలిని లాక్కుంటుంది, చూరు గాలి కదలదు. వాన పడుతుంటే ఆ గాలితోపాటు తడి కూడా లోపలికి రావచ్చు. రిడ్జ్ వెంట్ ఉన్నచోట ఫ్యానును తీసివేసి, గేబుల్ వెంట్లను లోపలినుంచి మూయించడమే నా సలహా.

లక్షణం: గాలివానలో నడికొప్పు కింద తడి మరకలు

కోతను నడికొప్పు చివరి అంచు వరకూ లాగితే ఇలా అవుతుంది. గోడ అంచులకు, చిమ్నీకి కనీసం 6 నుంచి 12 అంగుళాల ముందే కోత ఆగాలి. మేకులు పొట్టివైతే వెంట్, షింగిల్ దాటి చెక్కలోకి దిగవు, మొదటి పెద్ద గాలికే వెంట్ లేస్తుంది. మేకుల గన్నుతో మరీ గట్టిగా కొడితే వెంట్ నలిగి కప్పు వెన్ను అలలుగా కనిపిస్తుంది, సందులు ఏర్పడతాయి. నలిగిన ముక్కలను మార్చాలే తప్ప సీలెంటు పూసి సరిపెట్టకూడదు. బయటి అంచున గాలిని పైకి మళ్లించే బాఫిల్ లేని రకాన్ని వాడి ఉంటే, బాఫిల్ ఉన్నదానికి మారడం మంచిది.

లక్షణం: చలికాలంలో మేకుల మొనల మీద మంచు, ఎండ రాగానే చుక్కలు

చాలామంది దీన్ని కప్పు కారుతోందని పొరబడతారు. కింది గదుల ఆవిరి పైకెక్కి చల్లని మేకుల మీద గడ్డకట్టి, తరువాత కరుగుతోంది. బాత్రూం ఫ్యాను గొట్టం అటిక్‌లోకే తెరుచుకుందేమో చూడండి. ఆ గొట్టం కొసను రిడ్జ్ వెంట్ కిందికి కట్టి వదిలేయడం కూడా తప్పే. ఇన్సులేషన్ చుట్టిన గొట్టాన్ని కప్పు గుండా గాని, గోడ గుండా గాని పూర్తిగా బయటికి తీయించాలి. రోజూ పోపు పెట్టి, గంటలకొద్దీ వండే మన ఇళ్లలో వంటగది చిమ్నీ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఆవిరితోపాటు నూనె జిడ్డు కూడా పేరుకుంటుంది. సీలింగు లైట్ల చుట్టూ, అటిక్ తలుపు చుట్టూ ఉన్న సందులను కూడా మూయించాలి.

కొత్తగా వెంట్ వేయించుకునేవారు, కోత పూర్తయ్యాక దాని మీద వెంట్ కప్పకముందు నడికొప్పు పొడవునా ఫోటోలు తీసి పంపమని ఒప్పందంలోనే రాయించుకోండి. వెంట్ కప్పాక ఆ కోతను పైనుంచి ఎవరూ చూడలేరు.