గుంటూరులో ఉంటూనే అంతర్జాతీయ వ్యాపార చట్టం చదవడం ఎలా?

మిర్చి ఎగుమతి చేసే ఒక కార్యాలయంలో పత్రాలు తయారుచేసే పనిలో చేరిన కొత్తలో నేను పంపిన ఇన్‌వాయిస్‌కు బ్యాంకు నుంచి అభ్యంతరం వచ్చింది. సరుకు అప్పటికే చెన్నై రేవు దాటింది. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో, అంటే చెప్పిన పత్రాలు సరిగా చూపితే సొమ్ము చెల్లిస్తామని కొన్నవారి బ్యాంకు ఇచ్చే హామీ పత్రంలో, సరుకు పేరు ‘తేజ ఎండు మిర్చి, తొడిమ తీసినది’ అని ఉంది (తేజ ఒక మిర్చి రకం). నేను ఇన్‌వాయిస్‌లో ‘తేజ ఎండు మిర్చి’ వరకే రాసి తొడిమ మాట వదిలేశాను. అదే కట్టలో ఉన్న ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో (సరుకుకు చీడపీడలు లేవని చెప్పే పత్రం) తేజ అన్న మాట కూడా లేదు, వట్టి ‘ఎండు మిర్చి’ అని ఉంది. దాని జోలికి బ్యాంకు రాలేదు. ఒక కాగితంలో తప్పయినది పక్క కాగితంలో ఎందుకు కాలేదో ఎవరిని అడిగినా చెప్పలేకపోయారు. కొన్నవారు ధర తగ్గించమన్నారు. మా యజమాని తగ్గించక తప్పలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నా చదువు మొదలైంది. పట్నంబజారులో కొట్టు నడిపేవారు, ఎగుమతి ఆఫీసులో గుమస్తాలు, బ్యాంకులో విదేశీ మారకం చూసేవారు, కొత్తగా కోర్టుకు వెళ్తున్న యువ న్యాయవాదులు, వీరిలో ఎవరైనా ఉద్యోగం మానకుండా, ఊరు వదలకుండా ఈ చట్టం చదువుకోవచ్చు. అయితే సిలబస్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుతూ పోతే మూడు నెలల్లో పుస్తకం అటకెక్కుతుంది. చేతిలో ఒక అసలైన ఒప్పందం పెట్టుకుని, దాని వెంట చట్టాన్ని చదవాలి. కింద చెప్పేదంతా ఆ పద్ధతే.

1. ఏ పట్టా వస్తుందో, ఏది రాదో ముందు తెలుసుకోండి

దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చదివి నల్లకోటు వేసుకోవడం మన దేశంలో కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నియమాల ప్రకారం కరస్పాండెన్స్ డిగ్రీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. దూరవిద్యలో నడపకూడని కోర్సుల జాబితాలో యూజీసీ న్యాయశాస్త్ర డిగ్రీలను కూడా చేర్చింది. ఎవరైనా బ్రోచర్ చూపించి ‘ఇంట్లో కూర్చుని ఎల్‌ఎల్‌బీ, ఆ తర్వాత హైకోర్టులో ప్రాక్టీసు’ అని చెబితే, అడ్వాన్సు కట్టకుండా లేచి వచ్చేయండి.

దూరవిద్యలో దొరికేవి పీజీ డిప్లొమాలు, సర్టిఫికెట్ కోర్సులు, విదేశీ విశ్వవిద్యాలయాల డిగ్రీలు. వీటితో వాదించే హక్కు రాదు. ఒప్పందం చదివి ఎక్కడ ప్రమాదముందో పట్టుకునే చూపు వస్తుంది. మీకు కావలసింది వాదించే హక్కే అయితే రెగ్యులర్ కాలేజీలో సీటు కోసం ప్రయత్నించండి, అందులో రాజీ వద్దు.

2. కోర్సు ఎంచుకోండి

మన దేశంలో హైదరాబాద్‌లోని నల్సార్, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ ఉద్యోగస్తుల కోసం దూరవిద్యా డిప్లొమాలు నడుపుతున్నాయి. కోర్సుల జాబితా ఏడాదికోసారి మారుతుంటుంది కాబట్టి పాత బ్రోచర్‌ను నమ్మకుండా ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెరిచి చూడండి. ‘అంతర్జాతీయ వ్యాపార చట్టం’ అన్న పేరుతోనే కోర్సు ఉండాలని పట్టుబట్టనవసరం లేదు. వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తితో తేల్చుకునే ఆర్బిట్రేషన్ మీద డిప్లొమా చేసినా ఈ రంగంలో సగం దూరం నడిచినట్టే. చట్టంకన్నా వ్యాపారం వైపు మొగ్గు ఉన్నవారికి ఇగ్నో కోర్సులు నయం. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది, జనవరిలోనూ జూలైలోనూ ప్రవేశాలు ఉంటాయి.

విదేశీ డిగ్రీ కావాలంటే లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచి దూరాన ఉన్నవారికి పరీక్షలు పెడుతోంది. అక్కడి ఎల్‌ఎల్‌ఎంను ముక్కలుగా చదువుకోవచ్చు. ఐదు మాడ్యూళ్లకు సర్టిఫికెట్, పదికి డిప్లొమా, పదహారుకు పూర్తి డిగ్రీ. ఫీజు కూడా మాడ్యూల్ వారీగా కట్టవచ్చు. ఖర్చు పౌండ్లలో ఉంటుంది కాబట్టి ముందు ఒకటి రెండు మాడ్యూళ్లు చదివి చూసి, ఆ తర్వాత ముందుకు వెళ్లడం మంచిది. ఈ డిగ్రీని ప్రభుత్వ ఉద్యోగానికో, కాలేజీలో బోధనకో వాడుకోవాలన్నది మీ ఆలోచన అయితే, చేరక ముందే ఆ సంస్థను లిఖితపూర్వకంగా అడగండి. దూరవిద్యలో వచ్చిన విదేశీ పట్టా అన్నిచోట్లా చెల్లదు.

మన విశ్వవిద్యాలయాల విషయంలో చూడవలసింది ఒక్కటే. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయా? సంస్థకు గుర్తింపు ఉన్నంత మాత్రాన కోర్సుకు ఉన్నట్టు కాదు. 2024–25 నుంచి దూరవిద్యలో చేరే విద్యార్థులు డెబ్ ఐడీ (ఆ విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా తీసుకోవాలి, దాన్ని ముందే సిద్ధం చేసుకోండి.

డబ్బు కట్టే ముందు ఒక నెల ఉచితంగా చదివి చూడండి. ప్రపంచ వాణిజ్య సంస్థకు, ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట కమిషన్ అన్‌సిట్రాల్‌కు ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఆ నెలలో వారానికి ఐదు గంటలు కూర్చోలేకపోయినవారు డిప్లొమాకు డబ్బు కట్టినా కూర్చోలేరు.

3. ఒక ఒప్పందం సంపాదించండి

ఎగుమతి చేసేవారు తెలిసినవారే అయితే, పాత ఒప్పందం ఒకటి పేర్లు, ధరలు కొట్టేసి ఇమ్మని అడగండి. దానితోపాటు లెటర్ ఆఫ్ క్రెడిట్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రం), బీమా పత్రం కూడా దొరికితే మీ పాఠ్యపుస్తకం సిద్ధమైనట్టే. గుంటూరులో ఇవి దొరకడం కష్టం కాదు. మిర్చి యార్డు ఉంది, పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉంది, సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాల ఉంది. ఢిల్లీలో చదివే విద్యార్థి పుస్తకంలో చూసే కాగితం ఇక్కడ మిర్చి టిక్కీల (బస్తాల) పక్కన బల్ల మీద ఉంటుంది. ఈ ఊళ్లో ఉన్నవారికి ఇది పెద్ద వరం అని నా నమ్మకం.

ఒప్పందాన్ని ఒకసారి పైనుంచి కిందికి చదివి, అర్థం కాని ప్రతి మాట కింద గీత పెట్టండి. ఏ గీత కింద ఏ చట్టం ఉందో తేల్చుకోవడమే మీ కోర్సు.

4. ఈ వరుసలో చదవండి

మొదట మన చట్టాలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో వీటి మూల పాఠం చవకగా దొరుకుతుంది. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితం. గైడు కొనకండి, మూలం చదవండి.

ఆ తర్వాత అంతర్జాతీయ సరుకుల అమ్మకంపై 1980లో వియన్నాలో కుదిరిన ఒడంబడిక. భారత్ ఇందులో చేరలేదు. ‘చేరనప్పుడు మనకెందుకు’ అని చాలామంది దీన్ని వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. చైనా ఇందులో ఉంది. వియత్నాం 2015లో చేరింది, 2017 నుంచి అక్కడ అమల్లో ఉంది. వియత్నాం కొనుగోలుదారు పంపిన ఒప్పందంలో ‘వియత్నాం చట్టం వర్తిస్తుంది’ అని ఒక వాక్యం ఉంటే, ఆ వాక్యం వెంట ఈ ఒడంబడిక కూడా మీ ఒప్పందంలోకి నడిచి వస్తుంది. దాని 39వ అధికరణం ప్రకారం సరుకులో లోపముంటే కొన్నవారు సహేతుకమైన సమయంలో తెలియజేయాలి, ఎంత ఆలస్యమైనా రెండేళ్లు దాటకూడదు. మన సరుకుల అమ్మకం చట్టం 42వ సెక్షన్ కూడా సహేతుక సమయం అంటుంది, కానీ రెండేళ్ల గీత గీయదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాయండి. మీ మొదటి అసైన్‌మెంట్ అదే అనుకోండి.

మూడోది ఇన్‌కోటర్మ్స్, అంటే ఖర్చూ నష్టభయమూ ఎక్కడిదాకా ఎవరివో చెప్పే పొట్టి వ్యాపార పదాలు. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి ఇచ్చిన 2020 నియమాల్లో పదకొండు పదాలున్నాయి. అన్నీ ఒకేసారి బట్టీ పట్టవద్దు, ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్, ఎఫ్‌సీఏ మూడు చాలు. ఎఫ్‌ఓబీలో సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా నష్టభయం అమ్మినవారిదే. కంటైనరును రేవు దగ్గర టెర్మినల్‌కు అప్పగించారు, ఓడ ఎక్కేలోపు వాన నీరు దిగి కాయ పాడైంది, నష్టం ఎవరిది? ఎఫ్‌ఓబీ అయితే గుంటూరువారిది. ఆ టెర్మినల్‌లోనే రవాణాదారుకు అప్పగించేలా ఎఫ్‌సీఏ రాసుకుని ఉంటే కొన్నవారిది. కంటైనర్లకు ఎఫ్‌సీఏ వాడమని ఆ మండలే చెబుతున్నా, పాత అలవాటు కొద్దీ ఎఫ్‌ఓబీ అని రాసేవారే ఎక్కువ. సీఐఎఫ్‌లో ఓడ కిరాయి, బీమా అమ్మినవారు కట్టినా నష్టభయం మాత్రం సరుకు ఓడ ఎక్కగానే కొన్నవారికి మారిపోతుంది. దీన్ని తప్పుగా అర్థం చేసుకున్నవారిని ఎందరినో చూశాను.

నాలుగోది లెటర్ ఆఫ్ క్రెడిట్. లెటర్ ఆఫ్ క్రెడిట్ విషయంలో బ్యాంకులు పాటించే, 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమాల్లో ముప్పై తొమ్మిది అధికరణాలే ఉన్నాయి, ఒక ఆదివారం చదివేయవచ్చు. ఇన్‌కోటర్మ్స్ లాగే దీనికీ కాపీహక్కు ఉంది, పుస్తకం కొనుక్కోండి. నా తొడిమ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. 18వ అధికరణం ప్రకారం ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోని వర్ణనతో సరిపోవాలి. 14వ అధికరణం మిగతా పత్రాల్లో సరుకును సాధారణ మాటల్లో చెప్పినా ఒప్పుకుంటుంది, క్రెడిట్‌తో విరుద్ధంగా లేకపోతే చాలు. అందుకే నా ఇన్‌వాయిస్ తిరిగి వచ్చింది, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ నిలబడింది. రెండు అధికరణాలు ముందే చదివి ఉంటే ఆ ధర తగ్గింపు ఉండేది కాదు. బ్యాంకులు కాగితాలు చూస్తాయి, కాయలు చూడవు అన్నది 5వ అధికరణం సారం.

ఐదోది వివాదం. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం మూల పాఠం ఒక్కటి కొంటే విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలుపై 1958లో కుదిరిన న్యూయార్క్ ఒడంబడిక కూడా మీ చేతికి వచ్చినట్టే, అది ఆ చట్టం మొదటి షెడ్యూలులో అచ్చయి ఉంది. విదేశంలో వచ్చిన ఆర్బిట్రేషన్ తీర్పును ఇక్కడ అమలు చేయించాలంటే ఆ దేశం ఒడంబడికలో ఉండటమే చాలదు, కేంద్రం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. 44వ సెక్షన్‌లో ఈ మాట ఉంది. తర్వాత భారత్ అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు చదవండి. ఆర్బిట్రేషన్‌కు ఏ దేశాన్ని పీఠంగా (ఏ దేశపు చట్టం, కోర్టులు దాన్ని పర్యవేక్షిస్తాయో తేల్చే చోటుగా) రాసుకున్నామన్న దానికి ఎంత బరువుందో అందులో కనిపిస్తుంది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలను చివరికి ఉంచుకోండి. 2003లో ఫ్రాన్స్‌లో భారతీయ కారం ఉత్పత్తుల్లో ఆహారంలో వాడకూడని సూడాన్ అనే రసాయన రంగు బయటపడ్డాక, అది లేదని రుజువు పత్రం ఉంటేనే మిర్చిని రానిస్తామని ఐరోపా సంఘం షరతు పెట్టింది. సరిగా ఆరని కాయలో బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బీ1 కిలో మిర్చిలో 5 మైక్రోగ్రాములు దాటకూడదన్నది కూడా వారి నియమమే. ఒక దేశం ఇలాంటి షరతు ఎంతవరకు పెట్టవచ్చో చెప్పేది ఆ సంస్థ ఆహార భద్రత ఒప్పందం. కల్లంలో కాయ సరిగా ఆరకపోవడానికీ ఆ ఒప్పందానికీ ఉన్న సంబంధం మన జిల్లా రైతు బిడ్డకు చప్పున తలకెక్కుతుంది.

5. చట్టపు ఇంగ్లిషుకు సొంత నోటుపుస్తకం

తెలుగు మాధ్యమంలో చదివినవారు భయపడేది ఇక్కడే. భయపడాల్సింది ఏమీ లేదు, తరచూ వచ్చే మాటలు వందకు మించవు. ‘సబ్జెక్ట్ టు’ అంటే అక్కడ చెప్పినదానికి లోబడి. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అంటే అక్కడ ఏమి రాసి ఉన్నా సరే. ఒకటి తల వంచుతుంది, ఇంకొకటి తల ఎత్తుతుంది. ‘షల్’ అంటే చేసి తీరాలి, ‘మే’ అంటే చేయవచ్చు. ప్రతి మాటకూ నిఘంటువు అర్థంతో సరిపెట్టకుండా మీ ఒప్పందంలోని వాక్యాన్ని తెలుగులో తిరగరాయండి. తెలుగులో చెప్పలేకపోయారంటే ఆ వాక్యం ఇంకా అర్థం కాలేదనే లెక్క.

6. యార్డు క్యాలెండర్‌తో చదువు క్యాలెండర్

మిర్చి పనిలో ఉన్నవారికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. ఆ నెలల్లో పరీక్ష పెట్టుకోకండి. జూలైలో చేరి, యార్డుకు మే నెలలో వేసవి సెలవులు మొదలయ్యాక బరువైన భాగాలు చదవడం నాకు కుదిరింది. సీజనులో రోజుకు అరగంట చాలు, కొత్తది ముట్టుకోకుండా పాతది తిరగేయండి. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి ఆదివారం ఉదయం ఒకచోట కూర్చోండి. దూరవిద్యలో మధ్యలో మానేసేవారిని ఆపేది ఎక్కువగా తోటివారే.

7. జవాబు రాయడం

పరీక్షలో నిర్వచనాలు అడగరు, సమస్య ఇస్తారు. వివాదం ఎక్కడుందో ఒక వాక్యంలో చెప్పండి, వర్తించే నియమాన్ని అధికరణం సంఖ్యతో రాయండి, ఈ సంగతికి అది ఎలా పడుతుందో చూపండి, తీర్పు చెప్పండి. ఒక నమూనా ఇదిగో.

లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ‘పన్నెండున్నర టన్నుల మిర్చి’ అని ఉంది. మూడు శాతం తక్కువ ఎక్కించారు. బ్యాంకు కాదనగలదా? యూసీపీ 30వ అధికరణం ఐదు శాతం హెచ్చుతగ్గులకు వీలిస్తుంది, మొత్తం సొమ్ము క్రెడిట్ మొత్తాన్ని దాటకూడదు. కాబట్టి కాదనలేదు. ఇప్పుడు అదే సరుకును క్రెడిట్‌లో ‘500 బస్తాలు’ అని రాశారనుకోండి, 485 ఎక్కించారు. తగ్గింది అదే మూడు శాతం. కానీ పరిమాణాన్ని బస్తాల లెక్కలో చెప్పినప్పుడు ఆ ఐదు శాతం వెసులుబాటు ఉండదు. పదిహేను బస్తాలు తక్కువైనందుకు బ్యాంకు పత్రాలను తిప్పి పంపవచ్చు.