మండుటెండలో గుర్రాన్ని బండిలో తీసుకెళ్తున్నారా?

బెంగళూరు నుంచి హైదరాబాదుకి గుర్రాన్ని తీసుకెళ్ళాలంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు దాటాలి, ఏప్రిల్, మే నెలల్లో అక్కడి ఎండ మన బెంగళూరు ఎండలా ఉండదు. అందుకే సాయంత్రం బయల్దేరి రాత్రంతా ప్రయాణం చేయండి.

బండి కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది, అసలు ప్రమాదం ఆగినప్పుడే. టీ కోసమని ఎండలో ఆపితే కాసేపటికే పైరేకు కాలి లోపలంతా పొయ్యిలా అవుతుంది, ఆపక తప్పకపోతే చెట్టు నీడ చూసుకోండి. కిటికీలు తెరిచే ఉంచండి, కానీ గుర్రం తల బయట పెట్టకుండా జాలీ ఉండాలి. తాడు మరీ బిగించొద్దు, తల కిందికి దించితేనే గొంతులో చేరిన దుమ్ము బయటికొస్తుంది.

పొడి గాలిలో చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది, ఒళ్ళు పొడిగానే ఉంది కదా అని మోసపోవద్దు. మూడు నాలుగు గంటలకోసారి నీళ్ళు పెట్టండి. మా ఆడగుర్రం ఒకసారి దారిలో దొరికిన నీళ్ళకి మూతి ఆనించి, వాసన చూసి, తల తిప్పేసుకుంది. ఎంత టెన్షన్ పడ్డానో! అప్పట్నుంచి ఇంటి నీళ్ళే క్యాన్లలో పట్టుకెళ్తున్నాను.

నీడలో ఆపాక కూడా ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే థర్మామీటరు పెట్టండి. మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 40 దాటితే వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండండి, తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు.