మానవ హక్కుల కమిషన్‌కు కోరలు రావాలంటే ఏం చేయాలి?

మానవ హక్కుల కమిషన్ అనగానే చాలామంది "దానికి కోరలెక్కడివి?" అని తీసిపారేస్తారు. నిజమే కావచ్చు, కానీ కోరలు ఎక్కడ ఊడాయో చూడకుండా ఛైర్మన్‌ను మార్చేస్తే బాగుపడుతుందనుకోవడం నా దృష్టిలో దండగ.

ముందు దాని చట్టం తీసి చదవండి. పక్కనే పారిస్ సూత్రాలు పెట్టుకోండి (ఇలాంటి కమిషన్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు, 1991లో రూపొందాయి, 1993లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించింది, చదవడానికి అరగంట చాలు). సభ్యుల్ని ఎవరు ఎంపిక చేస్తారు, పదవీకాలం ఎంత, మధ్యలో తీసేసే అధికారం ఎవరిది అన్న మూడూ చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. ఎంపిక మూసిన తలుపుల వెనక జరుగుతుంటే, ఖాళీల్ని బహిరంగంగా ప్రకటించాలని, పౌర సంఘాల మాట కూడా వినాలని ముందు అడగాల్సింది అదే.

తర్వాత సిబ్బంది. లాకప్‌లో కొట్టారని ఒకాయన ఫిర్యాదు చేశాడనుకుందాం. కమిషన్ పోలీసు శాఖకు నోటీసు పంపుతుంది, ఆ శాఖ తన అధికారితోనే విచారణ చేయించి "ఆరోపణలు నిరాధారం" అని రెండు పేజీలు రాసిస్తుంది, ఫైలు మూసేస్తారు, ఫిర్యాదుదారుణ్ని మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు! అందుకే కమిషన్‌కు సొంత దర్యాప్తు సిబ్బంది, చెప్పకుండా వెళ్లి జైళ్లు, స్టేషన్లు చూసే అధికారం కావాలి. డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు రేపు మళ్లీ అదే శాఖకు పోవాలి కదా, గట్టిగా ఏం రాస్తారు? బడ్జెట్ కూడా ఏ మంత్రిత్వ శాఖ దయ మీదో కాకుండా నేరుగా పార్లమెంటు నుంచి రావాలి.

అసలు దెబ్బ తగిలేది సిఫార్సుల దగ్గర. వాటిని తప్పనిసరి చేయడం చాలా దేశాల్లో కష్టమే, కానీ ప్రభుత్వం ఫలానా గడువులోగా జవాబివ్వాలి, ఒప్పుకోకపోతే కారణం రాయాలి, వార్షిక నివేదికపై సభలో చర్చ జరగాలి అని చట్టంలో రాయించడం సాధ్యమే. కమిషన్‌కూ పార్లమెంటుకూ ఉండాల్సిన సంబంధం గురించి 2012 నాటి బెల్‌గ్రేడ్ సూత్రాలున్నాయి, మీ ఎంపీకి రాసేటప్పుడు పనికొస్తాయి. ఈలోగా మీరే ఒక పట్టిక మొదలుపెట్టండి: సిఫార్సు, తేదీ, వచ్చిన జవాబు. మూడో గడి ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది లెండి.

ఆ పట్టికకు ఇంకో పని ఉంది. ఇలాంటి సంస్థల ప్రపంచ కూటమి 'ఏ' హోదా ఉన్న కమిషన్లను ఐదేళ్లకోసారి సమీక్షిస్తుంది. పారిస్ సూత్రాలకు పూర్తిగా సరిపోతే 'ఏ', కొంతవరకే అయితే 'బి'. 'ఏ' పోతే జెనీవాలో మానవ హక్కుల మండలిలో సొంతంగా మాట్లాడే అవకాశం పోతుంది కాబట్టి ప్రభుత్వాలకూ కాస్త టెన్షన్ ఉంటుంది. సమీక్షకు నెలల ముందే పౌర సంఘాలు లిఖితపూర్వకంగా సమాచారం పంపొచ్చు. పట్టికను దానికి జత చేయండి, మీరు పంపింది కమిషన్‌కు కూడా చూపించి జవాబు అడుగుతారు కాబట్టి తేదీల్లో ఒక్క తప్పు కూడా లేకుండా చూసుకోండి.