ఆట నుంచి కోచింగ్‌కు మారాలనుకునేవారికి

పర్లాకిమిడిలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడే కుర్రాళ్లకు కొదవ లేదు. విమానం నుంచి ఒక మ్యాప్‌లో దిగి, నలుగురేసి జట్లుగా చివరిదాకా బతికేందుకు పోరాడే ఫోన్ ఆట ఇది. పక్కన కూర్చుని ఆట చూసి, ఎక్కడ చెడిందో చెప్పేవాళ్లకే కొదవ. గుణుపూరు, రాయగడ, బరంపురం జట్ల నుంచీ ఇదే మాట వింటాను. నేను ఐజీఎల్‌గా, అంటే మ్యాచ్ నడుస్తుండగా జట్టు ఎటు కదలాలో చెప్పేవాడిగా ఆడి, ఇప్పుడు కోచ్‌గా పనిచేస్తున్నాను. ఇటు రావాలనుకునేవారికి పనికొస్తుందని నాకు తెలిసింది రాస్తున్నాను.

గురి తగ్గింది, వేళ్లు మునుపటిలా కదలడం లేదు, కనుక కోచ్ అయిపోదామనుకుంటే మాత్రం వద్దు. ఇది రిటైరైనవాళ్లకిచ్చే పింఛను కాదు. కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ తుపాకీ ఆటలో ‘జోనిక్’ అని పిలిచే డెన్మార్క్ ఆటగాడు డానీ సోరెన్‌సెన్ కోచ్‌గా మారి ఆస్ట్రాలిస్ జట్టుతో ఆ ఆటలో మేజర్ అనే అతిపెద్ద టోర్నీలు నాలుగు, 2023లో వైటాలిటీ జట్టుతో పారిస్‌లో మరొకటి గెలిచాడు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటలో కొరియాకు చెందిన ఎస్‌కేటీ టీ1 జట్టును 2013, 2015, 2016 సంవత్సరాల్లో ప్రపంచ విజేతగా నిలిపిన కిమ్ జియోంగ్-గ్యున్‌కూ ఆటగాడిగా కంటే కోచ్‌గానే పేరు. ఎదురు దారిలో నడిచినవాడూ ఉన్నాడు. డోటా 2 అనే ఆటలో ఓజీ జట్టు కోచ్ సెబాస్టియన్ డెబ్స్ 2018లో మళ్లీ ఆటగాడిగా దిగి, ఆ ఏడాది, మరుసటి ఏడాది ప్రపంచ టోర్నీ గెలిచాడు. కాబట్టి ఈ రెండు పనుల్లో ఒకటి పైమెట్టు, ఒకటి కిందిమెట్టు అనుకోకండి.

ఆడటం మానేయకముందే కోచింగ్ మొదలుపెట్టండి. ప్రతి మ్యాచ్ తర్వాత ఎక్కడ దిగాం, విమానం ఏ దారిన వెళ్లింది, జోన్ (బతకాలంటే ఉండాల్సిన, చిన్నదవుతూ పోయే వలయం) ఎటు జరిగింది, ఎప్పుడు బండెక్కాం అని నాలుగు ముక్కలు రాసుకోండి. ఎన్ని కిల్స్ వచ్చాయన్నది, అంటే ఎదుటివాళ్లలో ఎంతమందిని చంపామన్నది రాయనక్కరలేదు, దాన్ని ఆటే చూపిస్తుంది. మీ నిర్ణయాలను మీరే రాసి చూసుకునే అలవాటు లేకపోతే రేపు ఇంకొకరి నిర్ణయాలు మీకు కనపడవు.

అసలు పనంతా రికార్డింగుల దగ్గరే ఉంటుంది. నలుగురి ఫోన్లలోనూ స్క్రీన్ రికార్డింగు నడవాలి, మాటలూ వినపడాలి. ఒక్క ఐజీఎల్ రికార్డింగు చూసి తీర్పు చెప్పడం అన్యాయం. ఫోన్లో చోటు లేదంటారు. నాణ్యత తగ్గించి రికార్డు చేయమనండి, రాత్రికి రాత్రే మీ దగ్గరకు తెప్పించుకోండి. మర్నాటికి ఎవడో ఒకడు చెరిపేసే ఉంటాడు.

చూసే పద్ధతి ఒక ఉదాహరణతో చెబుతాను. ఎరాంగెల్ మ్యాప్‌లో మా కుర్రాళ్లు జోన్ అంచున గోడ వెనక ఇరుక్కుని నలుగురూ పోయారు. ‘స్మోక్ వేయమన్నాను అన్నా, వీడు వేయలేదు’ అని, పొగ బాంబు వేయనందుకు అందరూ సపోర్ట్ ఆడేవాడి, అంటే జట్టుకు అండగా ఉండేవాడి మీద పడ్డారు. వాడు తల దించుకుని ఫోను చార్జరు తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. నేను ఆ పోరు చూపించలేదు. వెనక్కి తిప్పి, అంతకు కొన్ని నిమిషాల ముందు ఆ మ్యాప్‌లోని పోచింకి ఊరి ఇళ్ల దగ్గర ఆపాను. రెండు బండ్లున్నాయి. ఒకదాన్ని రోడ్డు మీదే, అడ్డేమీ లేని చోట వదిలి లూట్‌కు, అంటే ఆయుధాలు, సామాను ఏరుకోవడానికి వెళ్లారు. ఎవరో టైర్లు పేల్చారు. ఇక నలుగురూ ఒకే బండి ఎక్కారు, దారిలో దాని మీదా తూటాలు పడ్డాయి, కాలినడకన జోన్ అంచుకు చేరారు. స్మోక్ ఉన్నా ఆ గోడ వెనక ఇంకో అర నిమిషం బతికేవారేమో. ‘బండి ఎక్కడ నిలిపావు? అక్కడి నుంచి నీకు ఏం కనిపిస్తోంది?’ అని మాత్రమే అడిగాను. బండి నడిపినవాడే జవాబు చెప్పుకున్నాడు.

ఇందులో పాటించాల్సినవి రెండు. చచ్చిన చోట కాకుండా, చావు ఖాయమైన చోట రికార్డింగు ఆపాలి. మీరు చెప్పే ముందు వాడు చెప్పాలి. మీరు ముందే నోరు తెరిస్తే ‘సరే అన్నా’ అంటాడు, రేపు మళ్లీ బండి రోడ్డు మీదే వదులుతాడు. ఒక్కో మ్యాచ్‌కు ఒక్క విషయమే పట్టుకోండి. పది తప్పులు చూపిస్తే ఒక్కటీ దిద్దుకోరు. ఇంకో మాట, వాడి చేతిలోని ఫోను లాక్కుని ‘ఇలా ఆడాలి’ అని చూపించకండి. ఐజీఎల్‌గా ఆడినవాళ్లకు ఈ దురద ఎక్కువ.

పాయింట్ల లెక్క కుర్రాళ్లకు నోటికి వచ్చేలా చేయండి. పెద్ద టోర్నీల్లో పదహారు జట్లు దిగుతాయి. మొదటి స్థానం నుంచి ఎనిమిదో స్థానం దాకా 10, 6, 5, 4, 3, 2, 1, 1 ఇచ్చి, కిల్‌కు ఒక్కొక్కటి కలిపే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. రెండు కిల్స్‌తో ఐదో స్థానంలో ఉంటే ఐదు పాయింట్లు. నాలుగు కిల్స్ కొట్టి పన్నెండో స్థానంలో పోతే నాలుగే. ఎప్పుడు తలపడాలి, ఎప్పుడు తప్పుకోవాలి అనే వాదనలు సగం ఈ లెక్కతోనే తీరిపోతాయి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఒకే జట్టులో తెలుగింటి పిల్లాడు, ఒడియా పిల్లాడు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చేవాడు ఉంటారు. మామూలుగా అందరికీ అన్నీ అర్థమవుతాయి, కానీ తూటాలు పేలగానే ఎవరి అమ్మ భాషలో వాళ్లు అరుస్తారు. దిక్సూచి అంకెలకు ఒకే భాష ఖాయం చేయండి. మేము ‘టూ ఫార్టీ’ అని ఇంగ్లిషులోనే పిలుస్తాం, మిగతాది ఎవరిష్టం వాళ్లది. వానాకాలంలో కరెంటు పోతుంది కనుక వైఫైతో పాటు వేరే కంపెనీ సిమ్ముతో హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి. మ్యాచ్ మధ్యలో కాదు, ముందురోజే దాని మీద ఆడి పింగ్, అంటే నెట్ ఎంత ఆలస్యమవుతోందో చూసుకోండి.

నియమాల పుస్తకం కోచ్ చదవాల్సిందే, కుర్రాళ్లు చదవరు. కోచ్ ఎప్పుడు మాట్లాడవచ్చన్నది టోర్నీని బట్టి మారుతుంది. కౌంటర్ స్ట్రైక్‌లో 2016 నుంచి విరామాల్లో తప్ప కోచ్ మాట్లాడకూడదన్న నియమం వచ్చింది. ఆటలోని ఒక లోపాన్ని వాడుకుని ఎదుటి జట్టును చూసినందుకు 2020లో 37 మంది కోచ్‌లపై నిషేధం పడింది. అందుకే సాధన మ్యాచ్‌ల్లో కూడా నా మైక్ ఆపేసి ఉంచుతాను.

ఇక ఇళ్లవాళ్లు. ‘ఇందులో జీతం ఉంటుందా బాబూ, లేక జూదమా?’ అని అడుగుతారు. విసుక్కోకండి, సరైన ప్రశ్నే. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీగా ఆడే ఇలాంటి వీడియో ఆటలను క్రీడాశాఖ పరిధిలోకి తెచ్చిందని, 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరు చేసిందని చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి బీజీఎంఐలో రోజుకు మూడు గంటల పరిమితి ఉందనీ చెప్పండి, మీరూ పాటించండి. మెట్రిక్ పరీక్షల నెలలో సాధన పెట్టకండి. చెడ్డ కబురూ దాచవద్దు. బీజీఎంఐకి ముందు ఇక్కడ ఆడిన పబ్జీ మొబైల్ 2020లో నిషేధానికి గురైంది, బీజీఎంఐ 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో గానీ తిరిగి రాలేదు. రేపు మళ్లీ అలా జరిగితే మీరు వేరే ఆట నేర్పగలగాలి. అందుకే ఒక్క మ్యాప్ రహస్యాలే కాకుండా రికార్డింగు విశ్లేషణ, జట్టు నడపడం మీ చేతిలో ఉండాలి.

డబ్బు విషయం ముందే కాగితం మీద పెట్టుకోండి. నెలకింతా, బహుమతిలో వాటానా, ప్రయాణ ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాసి సంతకాలు చేయించండి. మైనర్ల తరఫున తల్లిదండ్రులు పెట్టాలి. జట్టు విడిపోతే రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయో కూడా అందులోనే రాయండి. జట్లు విడిపోయినప్పుడు మొదటి గొడవ వచ్చేది వాటి మీదే.